పత్తి నూనెకు అమలు కాని జీఎం నిబంధన

జిన్నింగు మిల్లులో దూది ఒకవైపు పోతే గింజలు ఇంకోవైపు రాలతాయి. ఆ గింజల్ని ఆడిస్తే నూనె, మిగిలిన చెక్క గేదెల తొట్టిలోకి. మన దేశంలో పత్తి సాగు 90 శాతానికి పైగా బీటీ రకాలదే, అంటే పురుగును తట్టుకునేలా బ్యాక్టీరియా జన్యువు చేర్చినవి. జన్యుమార్పిడి (జీఎం) పంటలను తిండిగా ఒప్పుకోవాలా వద్దా అని వాదించుకుంటూనే, 2002లో బీటీ పత్తికి అనుమతి వచ్చాక ఆ నూనె వంటింట్లోకి రావడం మొదలైంది.

జీఎం ఆహారం ఉన్న ప్యాకెట్ పైభాగాన 'జీఎం' అని అచ్చు వేయాలన్న తూనికలు, కొలతల నిబంధన 2013 జనవరి 1న అమల్లోకి వచ్చింది. ఇన్నేళ్లలో ఒక్క నూనె ప్యాకెట్ మీద కూడా ఆ రెండక్షరాలు నాకు కనపడలేదు. నూనె ప్రమాదమని నేననడం లేదు. శుద్ధి చేశాక అందులో జన్యుపదార్థం, ప్రోటీన్ దాదాపు మిగలవు. అందుకే అమెరికా 2022లో అమల్లోకి తెచ్చిన లేబుల్ నిబంధనల్లో అలాంటి నూనెలకు మినహాయింపు ఇచ్చింది. పంట జీఎం అయితే నూనెలో ఏమీ మిగలకపోయినా చెప్పాల్సిందేనంటుంది ఐరోపా యూనియన్. ఎవరి లెక్క వారిది, కానీ చెప్పిన మాట మీద నిలబడ్డారు. మన దగ్గర మాత్రం రాయమన్న ప్రభుత్వమే, రాయని వాళ్లని అడగడం మానేసింది.

బీటీ వంకాయ విషయంలో ఇంకో రకం జాప్యం. 2009 అక్టోబరులో జన్యుమార్పిడి పంటలను పరిశీలించే కేంద్ర కమిటీ జీఈఏసీ దాని సాగుకు సరేనంది. అప్పటి పర్యావరణ మంత్రి జైరాం రమేశ్ హైదరాబాద్ సహా ఏడు నగరాల్లో జనం మాట విని, 2010 ఫిబ్రవరి 9న ఆపేశారు. అలా వినడం మంచి పనే. ఆపేసిన తర్వాత మిగతా పరీక్షలేవో తేల్చి, అవునో కాదో చెప్పాల్సింది. ఇప్పటికీ చెప్పలేదు. పక్కనున్న బంగ్లాదేశ్ 2013లోనే తన నిర్ణయం తాను తీసుకుంది. జీఎం ఆవాల కేసులో 2024 జులైలో సుప్రీంకోర్టు న్యాయమూర్తులిద్దరూ అనుమతి మీద విభేదించినా, జాతీయ విధానం కావాలన్న దగ్గర ఒకటయ్యారు.

ఇప్పుడు వంతు మన అన్నానిది. బాపట్లలో పుట్టిన సాంబ మసూరి జన్యువును సవరించి, హైదరాబాద్ రాజేంద్రనగర్‌లోని వరి పరిశోధన సంస్థ తయారు చేసిన 'కమల'ను 2025 మేలో కేంద్రం ప్రకటించింది. బయటి జన్యువు చేర్చలేదు కనుక జీఎం పంటల నిబంధనల నుంచి కేంద్రం 2022 మార్చిలో ఇచ్చిన మినహాయింపు దీనికి వర్తిస్తుంది. ఆ వాదనలో బలముంది. అయినా పొలంలో చేసిన ప్రయోగాల ఫలితాలన్నీ రైతులకు తెలుగులో అందుబాటులో పెట్టాలి. విత్తన సంచీ మీద, బియ్యం సంచీ మీద కూడా 'జన్యు సవరణ చేసిన రకం' అని రాయాలి, అదీ పంట మార్కెట్‌కు రాకముందే.