ఏ మెషిన్‌కైనా పడుతుంది సార్!

మా హాల్లో ఒక్క కర్టెన్ రాడ్ బిగించడానికి మూడు గంటలు పట్టింది. తప్పు గోడది కాదు, రాడ్‌ది అంతకన్నా కాదు. డ్రిల్ బిట్టు చేతిలో పెట్టి "ఏ మెషిన్‌కైనా పడుతుంది సార్" అన్న కొట్టాయన మహావాక్యానిది.

డ్రిల్ బిట్టు కొనేటప్పుడు మనవాళ్లు మొన చూస్తారు, ఎన్ని ఎంఎం అని అడుగుతారు. మెషిన్‌లోకి దూరే షాంక్ సంగతి అడిగి చూడండి. పెళ్లిచూపులకెళ్లి పిల్ల తాతగారి చెప్పుల సైజు అడిగినట్టు చూస్తాడు కొట్టాయన.

1975లో బాష్ కంపెనీ పనిగట్టుకుని ఎస్‌డీఎస్ అని గాడుల బిట్టు తెచ్చింది. ఇప్పుడు ఎక్కువగా వాడే ఎస్‌డీఎస్ ప్లస్ షాంక్ 10 ఎంఎం లావు, దానికి నాలుగు గాడులు. హ్యామర్ మెషిన్‌లో అది కాస్త ముందుకీ వెనక్కీ ఆడాలి. అలా ఆడితేనే లోపలి సుత్తి దెబ్బ మొనదాకా వెళ్తుంది. పాపం జర్మన్లు! బిట్టుని దవడలతో పట్టే మామూలు చక్‌లో పెట్టి కీ తిప్పేస్తే పోయేదానికి ఎంత శ్రమపడ్డారో.

మా ఫిట్టర్ కుర్రాడు సరిగ్గా అదే చేశాడు. చక్ దవడలు గాడుల్లో పడ్డాయి. మెషిన్ ఆన్ చేస్తే మొన గోడ మీద ముగ్గు వేసింది. షాంక్‌కి ఇన్సులేషన్ టేప్ చుట్టాడు, కాలిన వాసనొచ్చింది. పేపర్ ముక్క దూర్చాడు. పక్క ఫ్లాట్ అంకుల్ కాఫీ గ్లాసుతో సహా వచ్చి "గట్టిగా నొక్కు బాబూ" అని సాంకేతిక సలహా ఇచ్చారు. చివరికి ఇంకో సైటు నుంచి హ్యామర్ మెషిన్ తెప్పించారు. మా గాడుల బిట్టేమో అప్పటికే చక్‌లో నలిగిపోయింది, మెషిన్‌తోపాటు వచ్చిన బిట్లన్నీ గుండ్రటి షాంక్‌వి! స్క్రూలు బిగించే ఇంపాక్ట్ డ్రైవర్‌కి పెట్టే పావంగుళం ఆరు పలకల బిట్టు కూడా ఒకటుంది, బహుశా తోడుకి.

మళ్లీ పాత మెషినే. ఈసారి వంకరగా దిగిన బిట్టు కాంక్రీట్‌లో ఇరుక్కుని, మెషిన్ మొత్తం అతని చేతిలో గిర్రున తిరిగింది. మణికట్టు పట్టుకుని కింద కూర్చున్నాడు. పంతొమ్మిదేళ్లుంటాయేమో. కళ్లద్దాలు లేవు, సైడ్ హ్యాండిల్ లేదు. కాంట్రాక్టర్‌కి ఫోన్ చేస్తే అడిగిన మొదటి మాట, "బిట్టు విరిగిందా?"

సిగ్గుండాలి. ఓ పూట భోజనం ఖరీదు చేసే సరైన బిట్టు కొనివ్వలేక కుర్రాడి చెయ్యి పణంగా పెట్టి, దానికి 'అడ్జస్ట్‌మెంట్' అని పేరు పెట్టుకోవడం! విరిగేది వీళ్ల చెయ్యి కాదుగా.

గోడలో నిమ్మకాయంత గుంట మిగిలింది. దాన్ని పూడ్చడానికి ఛార్జి విడిగా అవుతుందని మర్నాడు ఆ కాంట్రాక్టరే ఫోన్ చేసి చెప్పాడు.