గ్లాసుకి ముద్ర వేయించండి మహాప్రభో!

పూర్ణా మార్కెట్లో ఉల్లిపాయలు తూచే తక్కెడకి ప్రభుత్వ ముద్ర ఉండి తీరాలి. అందుకు 2009 నాటి చట్టం ఉంది, తూనికలు కొలతల శాఖ ఉంది. కానీ ఎంవీపీ కాలనీలో మా అమ్మ బియ్యం డబ్బాలో కాపురముంటున్న సొట్ట స్టీలు గ్లాసుని ఇంతవరకూ ఏ అధికారీ తనిఖీ చేయలేదు. నలభై ఏళ్లుగా మా కడుపుల్ని ఏలుతున్నది ఆ గ్లాసే. విషయం ప్రజల ముందు పెట్టడం నా బాధ్యత.

సంక్రాంతి ముందు అమెరికా నుంచి మా చెల్లి ఫోన్ చేసి అరిసెలకి కొలతలు అడిగింది. "మూడు గ్లాసుల బియ్యం నానబోసుకో. బెల్లం రెండు గ్లాసులకి కొంచెం తక్కువ. పాకంలో పిండి పట్టినంత పోసుకో" అంది అమ్మ.

"ఏ గ్లాసమ్మా?"

"ఏ గ్లాసేటే, మనింట్లో గ్లాసే!"

దేశ ప్రతిష్ఠకి సంబంధించిన సంగతి కాబట్టి నేను కలగజేసుకున్నాను. చూస్తే అంతర్జాతీయ పరిస్థితి ఇంతకంటే ఘోరంగా ఉంది. అమెరికా వంటింటి కప్పు దాదాపు 237 మిల్లీలీటర్లు, పొట్లాల మీద పోషకాల లెక్కకి మాత్రం అదే కప్పు 240. ఆస్ట్రేలియా కప్పు 250. జపాను కప్పు 200, రైస్ కుక్కర్‌తో ఇచ్చేది 180. కప్పు దగ్గరే కుదరని దేశాలు సరిహద్దుల దగ్గర కుదురుతాయా?

మనమేం తక్కువ తినలేదు. నాలుగు గిద్దలు సోల, రెండు సోలలు తవ్వ, రెండు తవ్వలు మానిక. అది కూడా తల కొట్టి కొలవాలా, గోపురం పెట్టి కొలవాలా అన్నది అమ్మేవాడి మనస్సాక్షి. 1956లో చట్టం చేసి వీశెనీ మణుగునీ సాగనంపారు. 'కొంచెం' మాత్రం ఏ చట్టానికీ చిక్కలేదు. దానికి పిల్లలు కూడా పుట్టాయి: కాస్త, కూసింత, చిటికెడు, పట్టినంత.

సరే, నెట్టులో డిజిటల్ తక్కెడ కొన్నాను. నీళ్లు మంచివి, మిల్లీలీటరుకి గ్రాము, పేచీ లేదు. నూనె లీటరు పోసినా కిలో తూగదు, అందుకే ప్యాకెట్ మీద పక్కనే 910 గ్రాములని ఒప్పేసుకుంటారు. అసలు దొంగ పిండి. అదే గ్లాసుతో జల్లించి పోస్తే 108 గ్రాములు, డబ్బాలోంచి ముంచితే 130, గట్టు మీద నాలుగు దెబ్బలు కొడితే 148! అనకాపల్లి బెల్లం సంగతి చెప్పక్కర్లేదు. ముక్కలు చేస్తే గ్లాసులో సగం సందులే, తురిమితే కూరుకుపోతుంది.

"ఏటిరా, పిండిని కూడా తూస్తావేటి? బంగారమా?" అంది అమ్మ.

నేను వినలేదు. బియ్యాన్నీ బెల్లాన్నీ గ్రాముల్లోకి మార్చి, దశాంశ స్థానంతో సహా పట్టిక తయారుచేసి చెల్లికి పంపాను. నమూనాగా ఇక్కడా ఓ వాయి వేశాను. నూనెలో వేసిన మొదటి అరిసె అరిసెలా ఉండడానికి ఒప్పుకోలేదు. విచ్చిపోయి బాణలంతా పరుచుకుంది. అర్ధరాత్రి చెల్లి పంపిన ఫోటోలోనూ అదే దృశ్యం. రెండు ఖండాల్లో ఒకే ఫలితం వచ్చిందంటే ప్రయోగం శాస్త్రీయమే అన్నమాట.

పొడిబియ్యం బరువు చూసి అంత తడిపిండి తూచమన్నాను. నానిన బియ్యం తన బరువులో పావు వంతుకి పైగా నీళ్లు తాగి కూర్చుంటుంది. అంటే పిండి తగ్గింది, బెల్లం పెరిగింది. అమ్మ ఏదీ తూచలేదు. పళ్లెంలో నీళ్లు పోసి పాకం చుక్క వేసింది, అది వేలి కింద ఉండ కట్టిందో లేదో చూసింది, పిండి పోస్తూ గరిటె బరువెక్కాక ఆపేసింది. 'గరిటె బరువెక్కాక' అన్నదానికి ప్రమాణం ఏ దేశంలో ఉందో శాఖవారు సెలవివ్వాలి.

తక్కెడ వృథా పోలేదు. కొరియర్‌వాడు కిలో లెక్కన వసూలు చేస్తాడు, గ్రాము దాటినా పై కిలోకే లెక్క. నిన్న అమ్మ కళ్లజోడు పెట్టుకుని అరిసెల డబ్బాని తక్కెడ మీద పెట్టింది. 1,925 చూపించింది.

"ఇంకో రెండు పడతాయిరా, ఆ చిన్నవి అందుకో."