పదకొండో ఏడు నడుస్తోంది

'విదేశాల్లో ఇంగ్లీషు చెప్పడమంటే జీతమిచ్చే సెలవులు' అని మీ వ్యాసంలో రాశారు. మొదటి రెండేళ్లూ నాకూ అలాగే ఉండేది! ఇప్పుడు పదకొండో ఏడు. వీసా ఉద్యోగానికే ముడిపడి ఉంది కాబట్టి, ఏటా కాంట్రాక్టు కాగితం చేతికొచ్చేదాకా సోఫా కొనడానికి కూడా మనసొప్పదు. సెల్టా అనే ఇంగ్లీషు టీచర్ల శిక్షణ కోర్సులో 120 గంటలు కూర్చుని పాఠం ఎలా చెప్పాలో నేర్చుకున్నాను. ముసలితనానికి నాలుగు డబ్బులు ఎలా దాచుకోవాలో మాత్రం సొంతంగా, అదీ ఆలస్యంగా తెలుసుకున్నాను. కొత్తగా వెళ్లేవాళ్లు జీతం కంటే ముందు పింఛను సంగతి అడగండి.

ఇంకో చిత్రం. క్లాసులో ఒక్కో మాటా విడమరిచి, నెమ్మదిగా మాట్లాడీ మాట్లాడీ ఇంటికి ఫోన్ చేసినా అదే ధోరణి. "నాకింకా చెవుడు రాలేదురా" అంటుంది అమ్మ.