కాలనీకి ఉన్న ఒక్క గది

లండన్ ఆగ్నేయ శివారులో డౌన్‌హామ్ అనే కాలనీ ఉంది. బెర్మండ్సీ, రోథర్‌హైత్ లాంటి రేవు పేటల్లో ఇరుకు గదుల్లో బతుకుతున్న కార్మిక కుటుంబాల కోసం అప్పటి లండన్ స్థానిక ప్రభుత్వమైన లండన్ కౌంటీ కౌన్సిల్ 1924లో దాన్ని కట్టడం మొదలుపెట్టింది. దాదాపు ఆరు వేల ఇళ్లు. ప్రతి ఇంటికీ లోపలే మరుగుదొడ్డి, వెనక చిన్న తోట. ఆ తరానికి అది మామూలు సంగతి కాదు. కానీ పక్కనే ఉన్న బ్రోమ్లీలో సొంత ఇళ్లవాళ్లకు ఈ కొత్తవాళ్లు నచ్చలేదు. కౌన్సిల్ ఇళ్లవాళ్లు తమ వీధి మీదుగా నడవకూడదని 1926లో రోడ్డుకు అడ్డంగా ఏడడుగుల గోడ లేపారు. పైన గాజు పెంకులు నాటారు. 1950 ప్రాంతంలో ఫైరింజన్లకు దారి కావాల్సి వచ్చేదాకా ఆ గోడ అక్కడే ఉంది.

అలాంటి చోట, అన్ని వేల కుటుంబాలకు కలిపి ఒక్క పబ్బు ఇచ్చారు. బార్క్‌లే పెర్కిన్స్ అనే బీరు కంపెనీ 1930లో తెరిచిన డౌన్‌హామ్ టావెర్న్ అది. దేశంలోకెల్లా పెద్ద పబ్బుల్లో ఒకటిగా దానికి పేరు. 1990లలో దాన్ని కూల్చేసి ఆ స్థలంలో సూపర్ మార్కెట్ కట్టారు.

ఎక్కడి డౌన్‌హామ్, దాని గురించి తెలుగు పత్రికలో సంపాదకీయం ఏమిటని పాఠకులు అడగవచ్చు. పబ్ అనగానే మనకు జూబ్లీహిల్స్‌లో అర్ధరాత్రి దాకా మోగే డీజే గుర్తొస్తుంది. పైగా సారా మీద దూబగుంట ఆడవాళ్లు తిరగబడ్డ నేల మనది. 1992లో నెల్లూరు జిల్లాలో మొదలైన ఆ పోరాటమే మరుసటి ఏడాది సారా నిషేధం తెచ్చింది. ఆ తల్లుల పక్షాన నిలబడే మేము ఇది రాస్తున్నాం. తాగుడును మెచ్చుకోవడం మా ఉద్దేశం కాదు. పేదవాళ్ల కాలనీలో నలుగురూ కూర్చోవడానికి ఉన్న ఒకే ఒక్క చోటు పోతే ఏమవుతుందన్నదే మా బాధ.

ఇంగ్లండ్‌లో ఆ చోటు మొదట పైనుంచి వచ్చిన అనుమానంతోనే పుట్టింది. కార్మికుడు తాగి చెడిపోతాడన్న భయంతో లండన్ కౌన్సిల్ తన తొలి కాలనీల్లో పబ్బులకు చోటే ఇవ్వలేదు. మొదటి ప్రపంచ యుద్ధ కాలంలో, 1916లో, ప్రభుత్వమే కార్లైల్ ప్రాంతంలోని పబ్బులను తన చేతిలోకి తీసుకుంది. 1973 దాకా వాటిని తనే నడిపింది. అక్కడ చేసిన ప్రయోగాల ప్రభావం రెండు యుద్ధాల మధ్య కట్టిన కాలనీ పబ్బుల మీద కనిపిస్తుంది. లైసెన్సులిచ్చే మేజిస్ట్రేట్లు తక్కువ పబ్బులు కావాలన్నారు. ఉన్నవి పెద్దవిగా, వెలుతురుగా, ఆడవాళ్లు కూడా రాగలిగేలా, తిండి దొరికేలా ఉండాలన్నారు. డౌన్‌హామ్‌లో అయితే కౌంటర్ దగ్గర నిలబడి తాగే పద్ధతే వద్దని, వెయిటర్లు బల్లల దగ్గరికి తెచ్చి ఇవ్వాలని నియమం పెట్టారు.

ఇదంతా జనాన్ని అదుపులో పెట్టడానికే. అయినా జనం దాన్ని తమ గదిగా మార్చుకున్నారు. ఈ చరిత్రలో మాకు అన్నిటికన్నా నచ్చిన మాట ఇదే. పాత పేటల్లో చుట్టాలను, సొంత వీధిని వదిలి వచ్చిన మనుషులు వాళ్లు. కొత్త కాలనీలో పక్కింటి వాళ్ల పేరు కూడా తెలియదు. ఇలాంటి పబ్బుల్లోనే డార్ట్స్ టీములు, ఫుట్‌బాల్ టీములు కట్టారు. హాల్లో పెళ్లి విందులు, అంత్యక్రియలయ్యాక అందరూ చేరి తాగే టీ. క్రిస్మస్ ఖర్చుకని వారం వారం తలా కాస్త వేసుకునే పొదుపు సంఘాలు, అచ్చం మన చీటీల్లాగే. ఎవరికి ఉద్యోగం పోయిందో, ఏ ముసలాయన రెండు రోజులుగా కనిపించడం లేదో ముందు తెలిసేది కౌంటర్ వెనక ఉన్న మనిషికే. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత కట్టిన కాలనీల్లో ఈ పబ్బులు ఇంకా సాదాగా వచ్చాయి. చదునైన కప్పు, ఇటుక గోడలు, ఒక బార్, ఒక లాంజ్, ముందు పెద్ద కార్ పార్కింగ్. చూడటానికి ఏమీ ఉండదు. వాటిని పోగొట్టుకోవడం అంత తేలికవడానికి అదీ ఒక కారణం.

2008లో బ్రిటన్‌లో సుమారు 50 వేల పబ్బులున్నాయి. 2018 నాటికి 39 వేలు మిగిలాయి. ఇవి ఆ దేశ గణాంక శాఖ లెక్కలు. పబ్బుల్లో పొగతాగడం మీద ఇంగ్లండ్‌లో 2007లో వచ్చిన నిషేధం, 2008 నుంచి కొన్నేళ్లపాటు ఏటా పెంచుతూ పోయిన బీరు పన్ను, మూతబడ్డ ఫ్యాక్టరీలు, సూపర్ మార్కెట్లలో చవక బీరు... కారణాలు చాలా చెబుతారు. అన్నీ నిజమే. కానీ 2010ల నడిమికి బ్రిటన్‌లో పబ్బుల్లో కన్నా దుకాణాల్లోనే ఎక్కువ బీరు అమ్ముడవడం మొదలైంది. అంటే పబ్బు మూసినంత మాత్రాన తాగుడు ఆగలేదు. నలుగురి కళ్ల ముందు నుంచి అది ఒంటరి గదిలోకి వెళ్లింది. ఇక చాలు, ఇంటికి వెళ్లు అని చెప్పే మనిషి అక్కడ లేడు. పబ్బు పోతే పీడా పోయిందని సంతోషించే వాళ్లు ఈ సంగతి ఆలోచించాలి.

అసలు దెబ్బ కొట్టింది మాత్రం స్థలం విలువే అని మా అభిప్రాయం. ఆరు పెద్ద కంపెనీలు దేశంలోని బీరులో ముప్పాతిక భాగం తయారు చేస్తూ, వేల పబ్బులను గుప్పిట్లో పెట్టుకున్నాయని 1989లో ప్రభుత్వం ఒక ఉత్తర్వు తెచ్చింది. రెండు వేలకు మించి పబ్బులున్న కంపెనీలు ఆ పైవాటిలో సగాన్ని అమ్మేయాలి, లేదా తమ బీరే కొనాలన్న షరతు నుంచి వదిలేయాలంది. ఉద్దేశం మంచిదే. కానీ అమ్మేసిన పబ్బులు నడిపేవాళ్ల చేతికి రాలేదు. ఎక్కువ భాగం అప్పు తెచ్చి కొన్న కొత్త కంపెనీలకు పోయాయి. అద్దె వాళ్లకే కట్టాలి, బీరు వాళ్లు చెప్పిన రేటుకే కొనాలి. రెండు వైపులా నలిగి పబ్బు నడిపే మనిషి చేతులెత్తేస్తే, మిగిలేది పెద్ద పార్కింగ్ ఉన్న మంచి స్థలం. దాని మీద ఇళ్లు కడితే వచ్చే డబ్బు ముందు పబ్బు సంపాదన ఏపాటిది? ఇంగ్లండ్‌లో 2017 మే దాకా చాలా పబ్బులను ప్లానింగ్ అనుమతి అడగకుండానే దుకాణంగా మార్చుకోవచ్చు, కూల్చేయవచ్చు కూడా. కాలనీ జనాన్ని ఎవరూ ఒక్క మాట అడగాల్సిన పని లేదు.

అడిగేవాళ్లు ఉన్నచోట ఫలితం వేరేగా వచ్చింది. పశ్చిమ లండన్‌లో కార్ల్టన్ టావెర్న్‌ను 2015 ఏప్రిల్‌లో అనుమతి లేకుండా కూల్చారు. స్థానికులు ఊరుకోలేదు. ఉన్నది ఉన్నట్టు మళ్లీ కట్టాలని వెస్ట్‌మినిస్టర్ కౌన్సిల్ ఆదేశించింది. అలాగే కట్టారు, 2021 ఏప్రిల్‌లో తలుపులు తెరుచుకున్నాయి. డౌన్‌హామ్‌కు కొద్ది మైళ్ల దూరంలో, నన్‌హెడ్‌లోని ఐవీ హౌస్‌ను అమ్మకానికి పెడితే చుట్టుపక్కల వాళ్లు వాటాలు వేసుకుని 2013లో కొనేశారు. స్థానిక జనానికి విలువైన ఆస్తిగా చట్టప్రకారం గుర్తింపు పొందిన తొలి పబ్బు అదే. 2018లో ప్రభుత్వ వారసత్వ సంస్థ సిఫార్సుతో స్విండన్‌లోని క్రంపుల్డ్ హార్న్ లాంటి కొన్ని యుద్ధానంతర పబ్బులకు రక్షణ జాబితాలో చోటు దక్కింది. సంతోషమే. కానీ వాటాలు కొనగలిగిన జనం ఉన్నచోట, శిల్పం చూసి మెచ్చుకోదగ్గ కట్టడం ఉన్నచోటే ఇవి పనిచేస్తున్నాయి. చదునైన కప్పు పబ్బు వైపు, పొదుపు డబ్బు కూడా లేని కాలనీ వైపు ఎవరూ చూడటం లేదు.

ఇంగ్లండ్‌లో 2011 నాటి స్థానికతా చట్టం జనానికి ఇచ్చింది గడువు మాత్రమే. ఆ చట్టం ప్రకారం, గుర్తింపు ఉన్న పబ్బును అమ్మాలనుకుంటే, స్థానికులు కోరితే కొనుగోలుకు సిద్ధపడటానికి ఆరు నెలలు ఇస్తారు. ఆ తర్వాత యజమాని ఎవరికైనా అమ్ముకోవచ్చు, స్థానికులు ఎంత ఇస్తామన్నా కాదనవచ్చు. పక్కనే స్కాట్లాండ్ 2003 నాటి చట్టంతో పల్లెల్లో, 2016 నుంచి పట్టణాల్లో కూడా, ముందుగా నమోదు చేసుకున్న స్థలం అమ్మకానికి వస్తే మొదట కొనుక్కునే హక్కును స్థానికులకు ఇచ్చింది. అదే హక్కు ఇంగ్లండ్ కాలనీలకూ ఇవ్వాలి. ధర యజమాని నోటిమాటతో కాక స్వతంత్ర మదింపుతో తేలాలి. డబ్బు సమకూర్చుకోలేని కాలనీలో ఆ హక్కును స్థానిక కౌన్సిల్ వాడి, భవనాన్ని కొని, జనం చేతికి అద్దెకివ్వాలి. ఆ జనాన్ని పాత పేటల నుంచి తెచ్చి అక్కడ పెట్టింది కౌన్సిళ్లే.