రేకుల వెనుక మహానిర్మాణం

నగరం నడిబొడ్డున రైలు మార్గం తలపెడితే అందులో అనుకున్న గడువుకు పూర్తయ్యేది ఒక్కటే, చుట్టూ కట్టే రేకుల గోడ. స్తంభాలు ఎప్పుడు లేస్తాయో, సొరంగం ఎటు తేలుతుందో ఎవరూ చెప్పలేరు. రేకులు మాత్రం రాత్రికి రాత్రే వెలుస్తాయి. నాలుగు వరుసల రోడ్డులో మూడింటిని మింగేసి, తెల్లవారేసరికి తాతల నాటి ఆస్తిలా నిలబడతాయి. వాటి మీద ‘మీ అసౌకర్యానికి చింతిస్తున్నాము’ అని రాసి ఉంటుంది. ఆ చింతలోనే కాబోలు, లోపల ఎవరికీ చేతులాడడం లేదు.

రేకుల సందులోంచి తొంగి చూస్తే నీళ్లు నిలిచిన గొయ్యి, తుప్పు పట్టిన ఇనుప చువ్వల కట్ట, దాని మీద ఆరేసిన చొక్కా కనిపించాయి. గిట్టనివాళ్లు దీన్ని పని ఆగిపోవడం అంటారు. పాపం, వాళ్లకు తెలియదు. అక్కడ భూగర్భ పరిశోధన సాగుతోంది. మంచినీటి గొట్టాలు, మురుగు కాలువలు, కరెంటు తీగలు పక్కకు జరపనిదే పునాది పడదు. ఏది ఎక్కడుందో చెప్పే పటం ఏ శాఖ దగ్గరా సరిగా ఉండదు. యంత్రం కోర దిగగానే గొట్టమే పైకి చిమ్మి తన చిరునామా చెబుతుంది. ఇది ఘనమైన సంప్రదాయం. లండన్‌లో ప్రపంచపు తొలి భూగర్భ రైలు కోసం వీధులు తవ్వుతుండగా 1862 జూన్‌లో ఫ్లీట్ మురుగు కాలువ తెగి ఆ గోతుల్లోకి పొంగింది. 1863 జనవరిలో రైళ్లు నడిచాయి. మురుగు తోడుకుని, గోడలు కట్టుకుని, అన్నీ కలిపి ఏడు నెలలు! ఎంత తొందరపాటు మనుషులో!

ఇక దారి మళ్లింపు. బాణం ఎడమకు పొమ్మంటుంది, పోతాం. ఆ సందు చివర ఇంకో బాణం వచ్చిన దిక్కుకే చూపిస్తుంది. అవతలి నుంచి మళ్లించిన బండ్లూ అదే సందులోకి వస్తాయి. సరిగ్గా ఇరుకు మలుపులో ఒక కుర్రవాడు ఒక చేత్తో ఎర్రజెండా, ఇంకో చేత్తో పచ్చజెండా పట్టుకుని రెండూ ఒకేసారి ఊపుతుంటాడు. ఎర్రది చూసినవాళ్లు ఆగుతారు, పచ్చది చూసినవాళ్లు కదులుతారు, రెండూ చూసినవాళ్లు హారన్ మీద చెయ్యి తీయరు. అంతలో అతడి ఫోను మోగింది. జెండాలు రెండూ చంకలో పెట్టుకుని పక్కకు వెళ్లాడు. ఆ కాసేపే బండ్లు కదిలాయి! మాట్లాడడం ముగించి వచ్చి మళ్లీ జెండాలు అందుకున్నాడు, ట్రాఫిక్ నిర్వహణ యథావిధిగా పునరుద్ధరణ అయింది. కుర్రవాణ్ని అనడానికి లేదు. ఆ జెండాలతో ఏం చేయాలో అతడికి ఎవరు చెప్పారు గనుక?

కార్లకు రవ్వంత దారి తగ్గించినా ప్రళయం వస్తుందని పెద్దల నమ్మకం. 1990 ఏప్రిల్ 22న, ధరిత్రీ దినోత్సవం నాడు, న్యూయార్క్‌లో 42వ వీధిని మూసేసినప్పుడూ అలాగే భయపడ్డారు. తీరా చూస్తే ట్రాఫిక్ మామూలు రోజులకన్నా సాఫీగా సాగింది. మన పెద్దలు ఇలాంటి వార్తలు చదవరు. రేకులకు మూడు వరుసలు పోగా మిగిలిన ఒక్కటీ కార్లకు చాలదని కాలిబాటను కూడా రోడ్డులో కలిపేశారు.

మరి నడిచేవాళ్లు? బస్సు స్టాపును చెప్పాపెట్టకుండా ఎత్తేశారు. కర్ర ఊతంగా నడిచి వచ్చిన ముసలావిడ, పాత స్టాపు ఉన్న చోట బారికేడును తడుముకుంటూ నిలబడి, బస్సు ఎక్కడ ఆగుతుందని పోయేవాళ్లందరినీ అడుగుతోంది. ఎవరికీ తెలియదు. ఆ బస్సేమో ఒక్కొక్కరే కూర్చున్న కార్ల వెనుక, నిండు జనంతో ఉక్కిరిబిక్కిరవుతూ నిలిచిపోయింది. ఎవరి కోసం ఈ రైలు అని శంకుస్థాపన నాడు మైకులు అదరగొట్టారో, వాళ్లే ఆ బస్సులో చెమటలు కక్కుతున్నారు. ఉన్న ఒక్క వరుసా బస్సుకు వదలండయ్యా! దానికి క్రేను అక్కర్లేదు, సొరంగ యంత్రం అక్కర్లేదు, రంగు డబ్బా, దాన్ని వాడే దమ్ము ఉంటే చాలు. రాత్రిపూట గోతి పక్కన ఒక్క దీపం పెట్టడానికి కూడా చేతులు రాని మనుషులకు వందల కోట్ల పని ఎవరు అప్పజెప్పారు? రేపెవరో అందులో పడి పోతే ఆ చింతిస్తున్నామనే బోర్డునే శవం పక్కన నిలబెడతారా?

సరే, విచారణ కోరదామంటారా? స్కాట్లండ్ రాజధాని ఎడిన్‌బరో చరిత్ర చూడండి. ప్రిన్సెస్ వీధిలో 2009లో ట్రామ్ పట్టాలు వేశారు, రోడ్డు పగుళ్లిచ్చిందని 2011లో మళ్లీ తవ్వారు. చివరికి 2014లో ట్రామ్ కదిలింది. ఇంత ఆలస్యం ఎందుకైందో తేల్చమని అదే ఏడాది విచారణ వేశారు. నివేదిక 2023లో వచ్చింది. నిర్మాణం కన్నా విచారణే ఎక్కువ ఏళ్లు సాగింది. అయినా దాన్ని మెచ్చుకోవాల్సిందే, ఆ విచారణ కోసం ఒక్క వీధిని కూడా తవ్వలేదు.