మహారాజశ్రీ ఒక్క రౌండు గారికి

మహారాజశ్రీ ఒక్క రౌండు గారి దివ్యసముఖమునకు, విజయనగరం నుంచి రెండున్నరేళ్ల కొడుకు గల ఒక తండ్రి నమస్కరించి వ్రాయునది ఏమనగా, ఉభయకుశలోపరి. ఇక్కడ మేము క్షేమమని రాద్దామనే కలం పట్టాను గానీ నా ఎడమ మోకాలు ఒప్పుకోవట్లేదు. తమరు మాత్రం నిక్షేపంలా ఉన్నారని తెలుసు. రోజూ సాయంత్రం ఆరింటికి మా వంటింట్లోంచి తమ పేరు వినబడుతూనే ఉంది.

"ఏమండీ, వీణ్ణి ఒక్క రౌండు తిప్పి తెచ్చీయండి. ఈలోగా చారు మరిగిపోద్ది."

చారు మరగడానికి ఎంతసేపు? పది నిమిషాలు. తమ పేరులో ఉన్న అంకె ఎంత? ఒకటి. ఈ రెండు లెక్కలూ నమ్మి ఏడాదిగా గడప దాటుతున్నాను. ఈ ఏడాదిలో వేడి చారు ఎలా ఉంటుందో మర్చిపోయాను.

అసలు తమరు ఏ ఊళ్లో కూర్చుని ఈ పని చేస్తున్నారో ఒకసారి చూసుకోండి. ఇది లెక్క తప్పని ఊరు. 1713లో కోటకి శంకుస్థాపన చేసినప్పుడు ఐదు విజయాలు కలిశాయని చెప్పుకుంటారు. కట్టించినవాడు విజయరామరాజు, ఏడు విజయనామ సంవత్సరం, తిథి విజయదశమి, వారం జయవారం (మంగళవారాన్నే అలా అంటారు లెండి), ఊరు విజయనగరం. వేళ్లు మడిచి చూసుకోండి, ఐదంటే ఐదే. మూడు లాంతర్ల కూడలి దగ్గర ఎవర్నడిగినా లాంతర్లు మూడనే చెప్తారు. పైడితల్లి అమ్మవారి జాతరలో ఊరేగించే సిరిమాను (పొడవాటి చింతమాను లెండి) సంగతి సరేసరి. దసరా వెళ్లిన మంగళవారం నాడు గుడికీ కోటకీ మధ్య మూడుసార్లు తిరుగుతుంది. మూడని చెప్పి, లక్షలమంది కళ్లముందు, మూడే తిరుగుతుంది. ఆ చింతమాను చివర కూర్చునే పూజారిగారు ఇంట్లో "ఒక్క రౌండు వేసి వచ్చేస్తా" అని చెప్పి బయల్దేరరు. ఇంతటి నిజాయితీగల ఊళ్లో ఒకటని చెప్పి పదిహేడు తిప్పుతున్నది తమరొక్కరే.

గడప దాటడం దగ్గరే మొదలవుతుంది తమ మాయ. మావాడి చెప్పులు అడుగు వేస్తే కుయ్యిమంటాయి. కొనిపెట్టింది వాళ్ల తాతయ్య. ఆయన బొబ్బిలిలో ఉంటారు, అక్కడికి వినబడవు. వాడు కుడిచెప్పు ఎడమకాలికి తొడుగుతాడు. సరిచెయ్యబోతే "నేనూ!" అంటాడు. వాడి భాషలో నేనూ అంటే నేనే వేసుకుంటాను, నువ్వు చెయ్యి తియ్యి అని. ఆ చెయ్యి తీసి నేను గోడకి చేరబడే సరికి చారులో చింతపండు పులుసు పడిన వాసన వస్తుంటుంది.

బండి మీద వెళ్తే తొందరగా అయిపోతుంది కదా అని ఒకసారి నాకూ తెలివి పుట్టింది. 2022లో కేంద్రం మోటారు వాహనాల నిబంధనలు సవరించింది. నాలుగేళ్లలోపు పిల్లల్ని బండెక్కిస్తే పట్టీలతో నడిపేవాళ్లకి కట్టుకోవాలి, నెత్తికి హెల్మెట్ ఉండాలి, బండి గంటకి 40 కిలోమీటర్లు దాటకూడదు. అన్నీ కొన్నాను. వాణ్ణి వెనక కట్టుకుని గేటు దాటుతుంటే ఎదురింటి అరుగు మీద మామ్మగారు కళ్లద్దాలు సర్దుకుని చూసింది.

"ఏటి బావూ, గుంటడిని అలా మూట కట్టీసినావేటి? సంతకేటి, అమ్మీడానికా?"

నలభై దాటకూడదన్న మాటకి మా ఆవిడ కంగారుపడింది గానీ, మావాడు వెనకుంటే బండి పన్నెండు దాటదు. కుక్క కనబడితే ఆపాలి. ఆవు కనబడితే ఆపాలి. కుక్క లేకపోతే, నిన్న ఇక్కడున్న కుక్క ఏదని ఆపాలి. పూర్వం మల్లయోధుడు కోడి రామ్మూర్తి నాయుడు గొలుసులు పట్టుకుని మోటారుకార్లని కదలకుండా ఆపేవాడట. మావాడికి గొలుసులు కూడా అక్కర్లేదు. "మే!" అంటాడు, బండి ఆగుతుంది.

అందుకని నడకకే వచ్చేశాం. మా సందు ఈ చివరినుంచి ఆ చివరికి నాకు నిమిషం. వాడికి పద్దెనిమిది నిమిషాలు, ఒక రోజు గడియారం పెట్టి చూశాను. నాకు తెలిసి ఆ సందులో ఏమీ లేదు. వాడికి తెలిసి కారే కొళాయి ఉంది, చీమల బారు ఉంది, తీస్తే ఒక చప్పుడూ వేస్తే ఇంకో చప్పుడూ చేసే కండక్టరు గారి గేటు ఉంది. ఆ గేటు తియ్యాలి, వెయ్యాలి, తియ్యాలి. మూడోసారికి కండక్టరు గారే బయటకొచ్చి "రైట్ రైట్" అంటారు. మావాడు అది విన్నాకే కదులుతాడు. ఆ పూట ఆయన డ్యూటీలో ఉంటే నేననాలి. నేనంటే వాడు ఒప్పుకోడు.

మొన్న గురువారం సంగతే చెప్తాను వినండి. గంటస్తంభం దాకా వెళ్లాం. సొంత ఊరి చరిత్ర పిల్లలకి చెప్పాలని నాకో పిచ్చి. "చూడు నాన్నా, దీన్ని 1885లో కట్టారు, ఎనిమిది పలకలుగా ఉంది చూశావా?" అన్నాను. వాడు చూశాడు. స్తంభం మొదట్లో ఒక మేక నిలబడి అరటితొక్క నములుతోంది. స్తంభం కట్టిన సంవత్సరం వాడు అడగలేదు. మేక ఎదురుగా గొంతుక్కూర్చున్నాడు. మేక నమలడం ఆపితే వీడు నోరు తెరిచి చూస్తాడు, అది మొదలుపెడితే వీడూ దవడలు ఆడిస్తాడు. నా జేబులో ఉన్న భీమాళి మామిడితాండ్ర ముక్క తీసి వాడికిస్తే సగం తిని, సగం మేకకి చూపించి, అది ముందుకు రాగానే జడిసి నా చొక్కాకి అంటించాడు. ఆ చొక్కా ఇప్పటికీ అలమరలో దానంతటదే నిలబడి ఉంది.

అక్కణ్ణుంచి కోట. ఐదు విజయాల ముహూర్తం కథ మొదలుపెట్టాను. రెండో విజయం దాకా వచ్చేసరికి కాలవ పనికి వచ్చిన జేసీబీ కనబడింది. ఇక్కడ తమరితో ఒక రహస్యం చెప్పుకోవాలి. ఆ జేసీబీ చుట్టూ పదిహేనుమంది మగాళ్లు చేతులు వెనక్కి కట్టుకుని నిలబడి ఉన్నారు. పిల్లాణ్ణి తెచ్చింది నేనొక్కణ్ణే. మిగతా అందరూ ఏ సాకూ లేకుండానే వచ్చారు. ఒకాయన "ఇంకాస్త ఎడం పక్కకి దించాల" అని డ్రైవరుకి వినబడకుండా సలహాలిస్తున్నాడు. మేం నలభై నిమిషాలు నిలబడ్డాం. అందులో చివరి పావుగంట మావాడు నా ప్యాంటు పట్టుకుని లాగుతూనే ఉన్నాడు. ఈ మాట మా ఇంట్లో తెలియనివ్వకండి.

అప్పటికి నా ఒంటి మీద ఏమేమున్నాయో చూడండి. కుడిచేతిలో నీళ్ల సీసా, ఎడమచేతిలో వాడు దారిలో ఏరి దాచమన్న మూడు రాళ్లు, భుజానికి సంచి, మెడ మీద వాడు, పళ్ల మధ్య ఇంటి తాళం. ఈ ఊరి సంగీత కళాశాలని 1919లో పెట్టినప్పుడు మొదటి అధ్యక్షుడైన ఆదిభట్ల నారాయణదాసుగారు ఐదు తాళాలు ఒకేసారి వేసి పంచముఖి అనిపించుకున్నారు. మహానుభావుడు. ఆయన వేస్తే సభలో చప్పట్లు కొట్టారు. నేను వేస్తుంటే మావాడు నా నెత్తి మీద ఆరోది వేస్తున్నాడు.

అయ్యకోనేరు గట్టు మీదికి చేరేసరికి పొద్దుపోయింది. ఏరి తెచ్చిన మూడు రాళ్లూ నీళ్లలో వేశాడు. బుడుంగు. "ఇంకోతి." బుడుంగు. "ఇంకోతి." రాళ్లు అయిపోయాయి. నేను గట్టు కింద ఇంకో రాయి వెతుకుతున్నాను. బుడుంగు. ఈసారి చప్పుడు కొంచెం తేడాగా ఉంది. లేచి చూస్తే ఎడమకాలి చెప్పు, అంటే కుడిచెప్పు, నీళ్ల మీద తేలుతూ మెల్లిగా వెళ్లిపోతోంది. గాలానికి కూర్చున్న ఒక పెద్దమనిషి కర్రతో దాన్ని లాగి, విదిలించి ఇచ్చాడు. "గుంటడి చెప్పు, జాగర్త బావూ" అన్నాడు. ఆయనకి దండం పెట్టేలోపు రెండోది పడింది. ఆయన ఏమీ అనలేదు. గాలం తీసుకుని కొంచెం దూరంగా వెళ్లి కూర్చున్నాడు.

ఇంక వాణ్ణి భుజాన వేసుకుని ఇంటికి. తమ క్రూరత్వమంతా ఇక్కడే ఉంది. ఇక నుంచి తమరనను, నువ్వనే అంటాను. పిల్లలున్నవాళ్లకి చెప్పక్కర్లేదు, లేనివాళ్ల కోసం రాస్తున్నాను. రాత్రి ఏడింటికి భుజం మీద పిల్లవాడు నిద్రపోతే వాడు ఎనిమిదింటికి లేస్తాడు, లేచి అర్ధరాత్రి ఒంటిగంట దాకా మంచాల మీద గెంతుతాడు. కాబట్టి పడుకోనివ్వకూడదు. ఆ చివరి రెండొందల అడుగులు నేను రోడ్డు మీద ఏమేం చేశానో ఊరందరికీ తెలుసు. ఏనుగులా అరిచాను. "అదిగో మేక!" అని లేని మేకని చూపించాను. కుయ్యిమనే తడిచెప్పు తీసి వాడి చెవి దగ్గర నొక్కాను. నీళ్లు తాగిన చెప్పు కుయ్యిమనదు, బుస్సుమంటుంది. మామ్మగారు అరుగు మీంచి అంతా చూసి "గుంటడు పడుకున్నాడా, నీకేటైనా అయ్యిందా?" అంది. మా గేటు ముందు, సరిగ్గా గేటు ముందు, వాడి తల నా మెడ మీద వాలిపోయింది.

"ఎక్కడెక్కడ తిప్పారు?" అంది మా ఆవిడ.

"ఒక్క రౌండే."

చూశావా, నీకోసం అబద్ధం కూడా ఆడుతున్నాను.

ఆదివారాలు నువ్వు వేషం మార్చి రైలు రౌండుగా వస్తావు. పది రూపాయల ప్లాట్‌ఫారం టికెట్టుకి రెండు గంటలు వదుల్తారు. ఇంత చవగ్గా ఊళ్లో ఇంకేదీ లేదు, అది ఒప్పుకుంటాను. మాది జంక్షన్. ఒక లైను హౌరా వైపు, ఒకటి రాయపూర్ వైపు చీలిపోతుంది. కనక ఏదో ఒకటి రాకపోదు. ఎక్స్‌ప్రెస్‌లంటే మావాడికి పెద్ద లెక్కలేదు, అవి తొందరగా వెళ్లిపోతాయి. గూడ్సు కావాలి. మొన్న వచ్చినదానికి యాభై ఎనిమిది పెట్టెలు లెక్కపెట్టాను. వాడూ లెక్కపెట్టాడు. "ఒకతి, లెండు, ఐదు, ఒకతి." చివరి పెట్టె వెళ్లి, పట్టాల చప్పుడు కూడా ఆగిపోయాక, నా చూపుడువేలు పట్టుకుని తాపీగా అన్నాడు, "ఇంకోతి."

మా నాన్నకి ఫోన్ చేసి గోడు వెళ్లబోసుకున్నాను. ఆయన సైకిలు ముందుకమ్మీకి చెక్కసీటు బిగించి నన్ను తిప్పిన మనిషి. "నీకు రైలొద్దు, ఏమొద్దు. పిండిమర చూడాలి. మర ఆగిందాకా అక్కడే. ఇంటికొస్తే ఇద్దరం తెల్లగా ఉండేవాళ్లం, మీ అమ్మ ముందు మనల్ని దులిపి అప్పుడు లోపలికి రానిచ్చేది" అన్నారు. మరి నాకు ముందే ఎందుకు చెప్పలేదంటే నవ్వారు. ఆ కుయ్యిమనే చెప్పులు ఆయన ఊరికే కొనిపెట్టలేదని అప్పుడు అనుమానం వచ్చింది.

నీమీద మా ఆవిడకే ఫిర్యాదు చేద్దామని చాలాసార్లు అనుకున్నాను. మొన్న ఆదివారం అవకాశం దొరికింది. బయల్దేరి సందు చివరికి చేరామో లేదో పెద్ద వాన. వాణ్ణి చంకనేసుకుని పరిగెత్తుకొచ్చేశాను. మొత్తం పన్నెండు నిమిషాలు. నీ చరిత్రలోనే మొట్టమొదటిసారి నువ్వు నిజంగా ఒక్క రౌండువయ్యావు. గొప్పగా తలుపు తోశాను.

మా ఆవిడ హాల్లో కుర్చీలో కూర్చుని, రెండు కాళ్లూ స్టూలు మీద చాపుకుని ఉంది. చేతిలో కాఫీ, ఇంకా పొగలు వస్తోంది. టీవీ లేదు, ఫోను లేదు. పొయ్యి మీద చారు కూడా లేదు. కిటికీలోంచి వాన చూస్తోంది. మమ్మల్ని చూసి గ్లాసు పక్కన పెట్టబోయింది.

"అప్పుడే వచ్చీశారా?"

నేను చెప్పులు విప్పలేదు.

"లేదు లేదు, గొడుక్కోసం వచ్చాం" అన్నాను.

మూల నుంచి గొడుగు తీసుకుని, తలుపు దగ్గరగా వేసి, మళ్లీ రోడ్డెక్కాం. కిళ్లీకొట్టు చూరు కింద నిలబడి, కాలవలో కొట్టుకొచ్చే కొబ్బరిచిప్పల్ని గంటంపావు లెక్కపెట్టాం. వాడి లెక్కన మొత్తం ఐదు.

ఇట్లు,
తడిసిన ఒక తండ్రి.

తా.క. ఈ ఉత్తరం సగంలో ఉండగా వాడొచ్చి కుడిచెప్పు నా ఒళ్లో పెట్టి వెళ్లాడు. రెండోది వెతుకుతున్నాడు. కాబట్టి స్టాంపు అంటించడం రేపు.