దండం పెట్టకపోయినా మందు మానొచ్చు

చెన్నై తెలుగిళ్లలో మందు మానడమంటే మొదట గుర్తొచ్చేది అయ్యప్ప మాల. 41 రోజులు చుక్క ముట్టని మనిషి, మాల తీసిన సాయంత్రమే టాస్మాక్ అనే సర్కారు మందు దుకాణం ముందు నిలబడటం ఎవరూ చూడనిది కాదు. ఆ తర్వాత ఇంట్లోవాళ్లు పట్టుబట్టి పంపేది డీ-అడిక్షన్ సెంటర్‌కో, తాగుడు మానాలనుకునేవాళ్లు ఒకరికొకరు తోడుండే ఆల్కహాలిక్స్ అనానిమస్ సంఘం మీటింగ్‌కో.

అక్కడా దేవుడే ఎదురొస్తాడు. 1935లో అమెరికాలోని యాక్రన్‌లో పుట్టిన ఆ సంఘం 1939లో అచ్చువేసిన పన్నెండు మెట్లలో, రెండోది మనకంటే గొప్ప శక్తిని నమ్మమంటుంది, మూడోది బతుకును దేవుడికి అప్పగించమంటుంది. ‘మాకు అర్థమైన దేవుడు’ అన్న సడలింపు కూడా తొలి సభ్యుల్లోని నాస్తికులు పట్టుబడితే వచ్చిందే.

చెన్నై పెరంబూరులో రైలు పెట్టెల కర్మాగారం ఐసీఎఫ్ నుంచి రిటైరైన ఓ తెలుగాయన ఉన్నాడనుకుందాం. నాస్తికోద్యమ నేత గోరా ఉపన్యాసాలు విన్న తండ్రి కొడుకు. మీటింగ్ చివర అందరూ లేచి ప్రార్థన చెబుతుంటే పక్కవాళ్లకు చెయ్యి ఇస్తాడు గానీ పెదవి కదపడు. టీ దగ్గర ఒకాయన భుజం తట్టి, “ఇంకా అహం చావలేదన్నా మీలో, పైవాడికి వదిలెయ్యండి” అంటాడు. ప్రేమతోనే అంటాడు. కానీ తాగుబోతు బుకాయింపునూ, నమ్మకం లేనివాడి నిజాయితీనీ ఒకే గాటన కట్టేసిన మాట అది. మరుసటి వారం మన తెలుగాయన రాడు. సాకు దొరికిందంటారు. దొరికే ఉండొచ్చు, సాకులు వెతకడంలో తాగుడును మించింది లేదు. దాని చేతికి మనమే ఒకటి అందించాలా?

పన్నెండు మెట్లను మేము వెక్కిరించడం లేదు. పూర్తిగా మానేయించడంలో ఆ దారి ఇతర చికిత్సలకు తీసిపోదని, కొన్నిచోట్ల మెరుగని వైద్య పరిశోధనలను కలిపి బేరీజు వేసే కాక్రేన్ సంస్థ 2020 నాటి సమీక్ష తేల్చింది. మా ఉద్దేశంలో అందులో సింహభాగం రాత్రి పదకొండింటికి ఫోన్ ఎత్తే స్పాన్సర్‌ది, అంటే ముందే మానేసి కొత్తవాళ్లకు తోడుండే సభ్యుడిది.

2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం మద్యం, మత్తుల వల్ల వచ్చే స్థితులనూ తన పరిధిలోకి తెచ్చింది. మతం పేరిట వివక్ష లేని వైద్యం హక్కని చెప్పింది. 2003 నుంచి మద్యం చిల్లర అమ్మకాన్ని టాస్మాక్ ద్వారా గుప్పిట్లో పెట్టుకున్న తమిళనాడు ప్రభుత్వం సీసా ఇచ్చేటప్పుడు ఎవరి దేవుణ్నీ అడగదు. మాన్పించేచోట మాత్రం అడగనివ్వడం ఏమిటి?

సెంటర్లో చేర్చుకునే రోజే, ప్రార్థన ఉన్న బృందం కావాలా, లేనిది కావాలా అని అడగాలి. 1994లో మొదలైన స్మార్ట్ రికవరీ లాంటి, దేవుడి ప్రస్తావన లేని పద్ధతులున్నాయి. వాటిని తెలుగులో నడిపే కౌన్సెలర్లను ఉత్తర చెన్నై నుంచే మొదలుపెట్టి నియమించాలి. అంతవరకు, ప్రార్థన వేళ పెదవి కదపనివాణ్ని మీటింగుల్లో ఎవరూ సరిదిద్దకుండా ఉంటే చాలు.